గడ్డమెత్తితే ఆపాల

పోయిన నెల నేను కర్నూలులో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు, వాళ్ళు పెంచుకునే కుక్క కోకోకి చెవిలో చీము పట్టింది. తోడు రమ్మని మా మనవరాలు నన్ను కూడా కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరంటే ముప్పై ఏళ్ళు కూడా నిండని పిల్ల. నెమ్మదస్తురాలే. కోకోని బల్ల మీదికి ఎక్కించకుండా తనే కింద చాప మీద కూర్చుని, నన్ను చూసి నవ్వి, "బలవంతంగా పట్టుకోవడం పాత పద్ధతి ఆంటీ. ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. మీరు ఇట్లా అరచెయ్యి చాపండి చాలు. కోకో వచ్చి గడ్డం పెడుతుంది. పెట్టినంతసేపే నేను చెవి ముట్టుకుంటాను, ఎత్తేస్తే ఆపేస్తాను" అంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నేను చాపనన్నాను. భయమా ఆంటీ అంది. "నాకు నువ్వు కొత్త పద్ధతులు నేర్పొద్దు" అని నలుగురిలో అరిచి, బయటికి వచ్చి స్కూటర్ల పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఇంటికి వచ్చాక గేటు దగ్గర మా మనవరాలు, "అవ్వా, నీకు కుక్కలంటే అంత అసహ్యమా?" అని అడిగింది. దానికి ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇదే ఆ జవాబు.

ఎమ్మిగనూరులో మాది మగ్గాల వీధి. మా ఇంట్లో రెండు గుంత మగ్గాలు. ఒకదాని మీద మా చిన్నాయన నేసేవాడు, రెండోదాని మీద కూలికి ఎవరో ఒకరు కూర్చునేవాళ్ళు. నాయన భీవండి పోయి పవర్‌లూములో పని చేసేవాడు, అమ్మ తెల్లారినప్పటి నుంచి దీపం పెట్టేదాకా రాట్నం దగ్గర కండెలు చుట్టేది. ఇంటి పెత్తనం మా అవ్వది, నాయన తల్లి. వీధి పొడుగునా పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, సాగదీసి గంజి పెట్టే పొద్దున అందరికంటే ముందు లేచేది అవ్వే, ఎందుకంటే వీధి మొత్తానికీ గంజి కాచేది ఆమె. పులియబెట్టిన జొన్నపిండిని పెద్ద కుండలో వేసి, గడ్డలు కట్టకుండా తెడ్డుతో తిప్పుతూ, రెండు వేళ్ళ మధ్య తీసి సాగదీసి చూసి, "ఇంగ ఎత్తండప్పా" అనేది. ఆ పుల్లటి వాసన మా బట్టల్లో, జుట్టులో, బడి పుస్తకాల్లో కూడా ఉండేది. పడుగును రెండు కొసలా కర్రలకు బిగించి, గంజి పట్టించి, ఇద్దరు మనుషులు చెరో పక్కా నడుస్తూ కుంచెతో దువ్వేవాళ్ళు. బొమ్మలేసే కుంచె కాదు, మూరెడు పొడుగున గడ్డివేళ్ళతో కట్టిన బ్రష్షు అది, రెండు చేతులా పట్టుకోవాలి. పడుగు ఆరేదాకా ఆ పక్కన దగ్గడానికి కూడా మనిషి ఆలోచించేవాడు. అటువంటి వీధిలో కుక్కకు చోటెక్కడిది? పడుగు కింద దూరితే పోగులు తెగుతాయని ప్రతి గుమ్మం దగ్గరా ఒక కర్ర ఉండేది.

అటువంటి వీధిలోకి ఒక కుక్కపిల్ల వచ్చి మా అవ్వ గంజి కుండ దగ్గర కూర్చుంది. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడేది, ఒకటి వాలిపోయేది. తెడ్డు నాకుతుంటే అవ్వ కొట్టలేదు. వాడికి గంజిగాడని పేరు పెట్టింది మేం కాదు, వీధి. గంజి వాసన వస్తే చాలు, మూతి ముంచి, ముక్కు నుంచి కళ్ళ దాకా తెల్లగా పూసుకుని తిరిగేవాడు. "ఏమిరా గంజిగా, పెండ్లికొడుకువైనావా?" అని మగ్గం గుంతల్లోంచే నవ్వేవాళ్ళు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. అట్లా నవ్విన నోళ్ళన్నీ నాకు పేరుపేరునా గుర్తున్నాయి.

ఒక ఏడాది సంక్రాంతి పోయాక పక్క వీధిలో ఒకాయన్ని పిచ్చికుక్క కరిచింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకుని ఆయన నడుం వంచుకుని నడుస్తుంటే చూసి, కుక్కలన్నిటినీ కొట్టించాలని మా వీధిలో పంచాయితీ పెట్టారు. భయం అబద్ధం కాదు. నేను కూడా భయపడ్డాను. మా అవ్వ మాత్రం, "గంజిగానికి సూది వేపిస్తా, చీటీ తెచ్చి మీ మొగాన పెడతా, అప్పుడు మాట్లాడండి" అని లేచి వచ్చేసింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని చిన్నాయన గొణిగాడు. మెడకు పట్టీ, చేతిలో చీటీ ఉన్న కుక్క జోలికి ఎవరూ రారని అప్పట్లో అందరూ అనుకునే మాట. ఆదోనిలో మస్తాన్ సాబని ఒక రిటైరైన కాంపౌండరు, ఇంటి ముందు వేపచెట్టు కింద బర్రెలకు, మేకలకు సూదులు వేసేవాడు. బస్సులో కుక్కను ఎక్కనివ్వరు కాబట్టి, పత్తి లారీ వాణ్ణి బతిమాలుకుని బోరేల మీద, అంటే పత్తి బస్తాల మీద, కూర్చుని మేం ముగ్గురం పోయాం, అవ్వ, నేను, గంజిగాడు.

మస్తాన్ సాబు దగ్గర మెడకు వేసే పొడుగాటి ఇనుప పటకారు ఉండేది. మేం ఏమీ అనకముందే అది తెచ్చి గంజిగాడి మెడకు బిగించాడు. ఎవరో ఇద్దరు నడుం మీద మోకాళ్ళు పెట్టారు. వాడు అరిచిన అరుపు నేను అంతకుముందు ఏ జంతువు దగ్గరా వినలేదు. ఉన్నచోటనే ఉచ్చ పోసుకున్నాడు, ఇనుమును కొరికి పన్ను విరగ్గొట్టుకున్నాడు, చివరికి ఎట్లానో జారి లారీ కింద దూరాడు. "నావల్ల కాదు పెద్దమ్మా. ఇది కుక్కనా, చిర్తపులినా?" అన్నాడు మస్తాన్ సాబు రొప్పుతూ.

"నువ్వు దాన్ని అడిగితివా?" అంది అవ్వ.

"ఏమని అడగల్ల?"

"సూది వేస్తానని. ఎవరైనా నీ మెడ పట్టుకుని ఊరకే పొడిస్తే ఊరుకుంటావా?"

ఆయన తల కొట్టుకుని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. తిరిగి ఎమ్మిగనూరు వచ్చేదాకా గంజిగాడు బోరేల సందులో వణుకుతూనే ఉన్నాడు. ఆ రోజు నుంచి అవ్వ చెయ్యి చెవి దగ్గరికి పోయినా పళ్ళు బయటపెట్టేవాడు.

అప్పుడు మొదలుపెట్టింది అవ్వ. అరిగిపోయి పడుగుకు పనికిరాకుండా పోయిన పాత కుంచె ఒకటి తెచ్చి గుమ్మంలో పడేసింది. మూడు రోజులు దాని జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. వాడే వచ్చి వాసన చూసి, గంజి వాసన తగిలి, నాకి పోయాడు. తర్వాత వాడు చూస్తుండగా ఆ కుంచెతో తన చేతిని తనే దువ్వుకుంది. తర్వాత నా జడను. ప్రతిదానికీ ఒక రొట్టెముక్క. వారాలు గడిచాక నన్ను వాడి ముందు గొంతుకూర్చోబెట్టి, అరచెయ్యి చాపమంది. చేతిలో ఏమీ లేదు. వాడు వచ్చి చూసి, తినడానికి ఏమీ లేదని తెలిసి కూడా, గడ్డం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అవ్వ వెనక నుంచి మెల్లగా ఒకసారి దువ్వింది. వాడు గడ్డమెత్తాడు. అవ్వ చెయ్యి వెంటనే గాల్లో ఆగిపోయింది. ఆ పూటంతా అదే పని. పెట్టడం, దువ్వడం, ఎత్తడం, ఆగడం. నాకు విసుగొచ్చి ఒకసారి వాడు ఎత్తబోతుంటే వేళ్ళతో దవడ పట్టుకున్నాను. అవ్వ కుంచెతో నా మోచేతి మీద ఒకటి అంటించింది.

"గడ్డమెత్తితే ఆపాల. ఆపుతారని తెలిస్తేనే మళ్ళా పెడతాడు. తెగిన పోగును లాగితే ఏమైతాది? పక్కన ఇంగో పది తెగుతాయి. నీకు సెప్పల్నా అది?"

ఉగాదికి మొదలుపెడితే దసరాకు వాడు తనంతట తను వచ్చి గడ్డం పెట్టి, చెవులు తిప్పి చూసినా, పెదవి ఎత్తి విరిగిన పన్ను చూసినా, కాలిగోళ్ళు నొక్కినా కదలకుండా ఉండేవాడు. మెడ మీద తోలు పట్టుకుని చీపురుపుల్లతో పొడిచి కూడా అలవాటు చేసింది. చిన్నాయన ముచ్చటపడి, మిగిలిపోయిన ఎర్రనూలుతో పట్టీ నేసి వాడి మెడకు తనే కట్టాడు. మళ్ళీ పత్తి లారీ ఎక్కాం. మస్తాన్ సాబు పటకారు తీసుకుని వస్తుంటే, "అది ఇంట్లో పెట్టి రాప్పా" అంది అవ్వ. నేను చెయ్యి చాపాను. గంజిగాడు గడ్డం పెట్టాడు. సూది దగ్గరికి రాగానే ఎత్తాడు. "ఆగప్పా" అంది అవ్వ. ఆయన సూది పట్టుకుని ఎండలో అట్లాగే నిలబడ్డాడు. కాసేపటికి గడ్డం మళ్ళీ నా చేతిలోకి వచ్చింది, సూది దిగింది, వాడు ఒక్కసారి ముక్కు ముడిచి ఊరుకున్నాడు. మస్తాన్ సాబు చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. "ముప్పై ఏండ్లు చేసినా పెద్దమ్మా ఈ పని. ఎన్నిటిని తొక్కిపట్టినానో" అని చీటీ రాసిచ్చాడు. తర్వాత ఆయన బర్రెలను కూడా అడిగి సూది వేస్తున్నాడని లారీవాళ్ళు వచ్చి చెప్పి నవ్వుకునేవాళ్ళు. చీటీని అవ్వ వీధిలో ఇంటింటికీ తిప్పి చూపించింది. అందరూ చూశారు. చదవడం రానివాళ్ళు చదివించుకుని మరీ విన్నారు.

మా వీధి మగ్గాలన్నిటికీ నూలు ఇచ్చి, నేసిన బట్ట తీసుకునేవాడు వీరభద్రప్ప సావుకారు. ఆయన నూలు ఇస్తేనే మగ్గం ఆడేది. మంత్రాలయం అంగళ్ళకు పోవలసిన ధోవతుల పడుగు ఒకటి, ఆయన సొంతది, ఒక పొద్దున మా ఇంటి ముందు సాగదీశారు. అంతకు ముందు రోజు సాయంత్రమే అవ్వ గంజి కాచి ఇచ్చి, వాళ్ళక్కకు బాగలేదని గోనెగండ్లకు పోయింది. గంజి పెట్టడం సగంలో ఉండగా ఎక్కడివో నాలుగు ఊరకుక్కలు కొట్లాడుకుంటూ వచ్చి పడుగు కిందుగా దూసుకుపోయాయి. కర్ర ఊడింది, పోగులు పటపటమని తెగాయి, తడి పడుగంతా దుమ్ములో పడింది. ఆ నాలుగు కుక్కల్లో గంజిగాడు లేడు. వాడు మా గుమ్మంలో నా కాళ్ళ దగ్గర ఉన్నాడు. పళ్ళు తోముకుంటూ నేను కళ్ళారా చూశాను. అరుపులు తగ్గాక వాడు తీరిగ్గా లేచి పోయి, మట్టిలో కారిన గంజిని నాకడం మొదలుపెట్టాడు. తల ఎత్తేసరికి మూతి నిండా తెలుపు.

"చూడండ్రా, నోట్లో నురగ! పిచ్చి ఎక్కినాది దీనికి!" అన్నాడు సావుకారు.

కుక్కను చంపదలుచుకుంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలని సామెతగా అంటుంటారు. అందరూ ఆ మాట మనుషుల విషయంలో వాడతారు. నేను కుక్క విషయంలోనే చూశాను. పడుగు చెడగొట్టిందని అంటే చీటీ ఉన్న కుక్కను చంపడానికి ఎవరూ ఒప్పుకోరు. పిచ్చి అంటే చీటీ చెల్లదు. ఆయనకు ఆ లెక్క క్షణంలో తట్టింది. ఆయన సంగతి సరే, మిగతావాళ్ళు? పొద్దున లేస్తే గంజిలో చేతులు ముంచేవాళ్ళు, ముక్కుతో వాసన చూసి గంజి ఏ పూటదో చెప్పగలిగేవాళ్ళు, వాడికి గంజిగాడని పేరు పెట్టినవాళ్ళు! పాతికమంది మగవాళ్ళు నిలబడి ఉన్నారక్కడ. ఒక్కడన్నా, అది గంజి కదప్పా, అనలేదు. అందరూ తెగిన పోగులు ఏరుకుంటున్నట్టు నేల చూశారు. సావుకారు అప్పటికే కుక్కలు పట్టే ఇద్దరిని పిలిపించాడు. వాళ్ళను చూసి గంజిగాడు పడుగు కర్రల వెనక్కి పోయి నక్కాడు.

చిన్నాయన వచ్చి నా ముందు కూర్చున్నాడు. "పాపా, వాన్ని పిలువు. ఈడ ఉంటే కొట్టి సంపుతారు. కౌతాళం కాలువ అవతల ఇడిసిపెట్టి వస్తారంట. నువ్వు చెయ్యి చాపితే వస్తాడు."

"అది గంజి కదా చిన్నాయనా" అన్నాను.

"నాకు తెల్దా? సావుకారు నూలు ఆపితే రెండు మగ్గాలూ పండుకుంటాయి. చాపు."

నేను ఆ మాట ఆయనకు మాత్రమే వినబడేట్టు అన్నాను. వీధికి వినబడేట్టు అనలేదు. పన్నెండేళ్ళ పిల్లవు, నువ్వేం చేస్తావని ఇప్పుడు ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు గొంతు ఉంది. బడిలో పద్యాలు అందరికంటే గట్టిగా అప్పజెప్పేదాన్ని. నేను గొంతుకూర్చుని చెయ్యి చాపాను. గంజిగాడు కర్రల వెనక నుంచి వచ్చాడు, అంతమంది కాళ్ళ మధ్య నుంచి, తోక కిందికి వేసుకుని ఊపుతూ. తడి గంజి మూతి తెచ్చి నా అరచేతిలో పెట్టి కళ్ళు మూసుకున్నాడు. వెనక నుంచి తీగ ఉచ్చు వచ్చి, చిన్నాయన నేసిన ఎర్ర పట్టీ మీదుగా పడింది.

వాడు గడ్డమెత్తాడు.

ఎత్తి నన్ను చూశాడు. ఆపమని నేను అనలేదు. చెయ్యి మాత్రం అట్లాగే చాపి ఉంచాను, మళ్ళీ పెడతాడేమోనని చూస్తున్నట్టు. అంత బుద్ధితక్కువతనం. వాణ్ణి ఈడ్చుకుపోయారు. కౌతాళం కాలువ ఎంత దూరమో నాకు తెలియదు కానీ, కర్రల చప్పుడు మా వీధి మలుపు నుంచే వినబడింది.

మధ్యాహ్నం బస్సుకు అవ్వ వచ్చింది. నేను చెయ్యి కడుక్కోలేదు. అరచేతిలో గంజి ఎండి పెళుసుగా పగిలి ఉంది. అవ్వ నా చెయ్యి తీసుకుని వాసన చూసింది. ఎవరు చెప్పారో, ఎంత చెప్పారో, నన్ను రెండే అడిగింది.

"గడ్డమెత్తినాడా?"

"ఎత్తినాడవ్వా."

"ఆపమంటివా?"

నేను తల దించుకున్నాను. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. కుంచె తీసుకుపోయి పొయ్యిలో పెట్టింది. గంజి కుండ ఎత్తుకుని వీధి నడిమికి పోయి సావుకారు అరుగు ముందు బోర్లించింది. "థూ, మీ బతుకులు చెడ! గంజికీ చొంగకూ తేడా తెల్దా మీకు? ఒక్కని ముక్కూ పని చెయ్యలేదా? ఇంగ మీ పడుగులకు మీరే కాచుకోండి" అని, మగ్గం మగ్గం ముందూ ఆగి ఒక్కొక్కర్ని పేరు పెట్టి అడిగింది. ఒక్కరూ గుంతలోంచి తల ఎత్తలేదు. సావుకారు మాత్రం అరుగు మీద నుంచి, "ముసలిదానికి కూడా పిచ్చి ఎక్కినాది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ మా వీధి ఆమెను పిచ్చవ్వ అనే పిలిచింది. అవ్వ మళ్ళీ గంజి కాచలేదు.

ఏ మగ్గాల కోసం అందరూ నోరు మూసుకున్నారో ఆ మగ్గాలు పదేళ్ళు తిరక్కుండానే పండుకున్నాయి. పవర్‌లూము బట్ట వచ్చింది, సావుకారు కొడుకులు నూలు మానేసి సిమెంటు అమ్ముకున్నారు, చిన్నాయన ఆదోని పత్తి మిల్లులో బోరేలు మోశాడు. ముసలితనంలో ఆయన మా ఇంటికి వస్తే నేను అన్నం పెట్టాను, ఆ సంగతి ఎత్తకుండా ఒక్కసారి కూడా పెట్టలేదు. "ఒక కుక్క గురించి ఇన్నేండ్లా పాపా?" అనేవాడు. అవును, ఒక కుక్క గురించే. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను. అవ్వ మీద కూడా ఉంది నాకు. పటకారుకు లొంగని కుక్కను చేతికి లొంగేట్టు చేసింది. వాడు పాత గంజిగాడిలాగే పళ్ళు చూపించి ఉంటే, ఆ పొద్దున ఎవరికీ చిక్కేవాడు కాదు. ఆరు నెలలు కుక్కకు నేర్పింది, వీధికి ఏం నేర్పింది? నాకేం నేర్పింది? ఇట్లా అనుకుని, మళ్ళీ ఆమెను అంటున్నందుకు నన్ను నేనే తిట్టుకుంటాను. ఆమె చెప్పింది ఒకటే మాట, పాటించవలసింది నేను.

ఇదంతా మా మనవరాలికి చెప్పాను. అది వారం తర్వాత మళ్ళీ కోకోతో పాటు నన్నూ తీసుకుపోయింది. ఆ డాక్టరు పిల్ల పాతదేదీ మనసులో పెట్టుకోకుండా చాప మీద కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"గడ్డమెత్తితే ఆపుతావా?" అన్నాను.

"ఆపుతాను ఆంటీ. అదే కదా పద్ధతి."

"బయట ఇంకో పదిమంది కుక్కల్ని పట్టుకుని నిలబడి ఉన్నా?"

"ఆపుతాను."

"ఆపొద్దని పెద్దవాళ్ళెవరైనా చెబితే?"

ఆ పిల్ల నవ్వబోయి, నా మొహం చూసి మానుకుంది. "ఎవరు చెప్పినా ఆపుతానాంటీ" అంది.

నేను కుడిచెయ్యి చాపాను. కోకో వచ్చి గడ్డం పెట్టింది. వెచ్చగా, బరువుగా, అచ్చం అట్లాగే. దూది చుట్టిన పుల్ల చెవి దగ్గరికి వచ్చింది. కోకో గడ్డమెత్తింది. "ఆపు!" అన్నాను. బయట కూర్చున్నవాళ్ళు తలుపు తీసి చూశారు. మనవరాలు నా భుజం పట్టుకుంది. ఆ పిల్ల రెండు చేతులూ పైకెత్తి, "ఆపేశానాంటీ, చూడండి, ఆపేశాను" అంటోంది. నిజమే, ఆమె ఎప్పుడో ఆపేసింది. నేనే ఇంకా ఆపు, ఆపు అంటూనే ఉన్నాను.